రెండు చేతులా పుచ్చుకున్న మూడు ముక్కలు

ఆ ఆదివారం పొద్దున రాజ్‌కుమార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. టిఫిన్ చేసి సూర్యాపేటలో బయలుదేరాలి. దారిలో మునగాల దగ్గర చుట్టాల ధోతి ఫంక్షన్‌కు వెళ్లి పిల్లవాడి నెత్తిన నాలుగు అక్షింతలు వేయాలి. మధ్యాహ్నానికి కోదాడ చేరి, దివ్య వాళ్లింట్లో బుద్ధిగా కూర్చుని, పిల్ల నచ్చిందని చెప్పాలి. పిల్ల నచ్చి ఏడాది దాటింది కాబట్టి అందులో కష్టమేమీ లేదు. కష్టమల్లా దివ్య నానమ్మ సక్కుబాయితోనే.

"మళ్ల చెప్తున్న, జర పైలం," అంది దివ్య ఫోన్‌లో. "మా దాదీ ముందర పేకముక్క పేరెత్తితే చాలు, తినే అన్నం ముందర్నుంచి లేస్తది. మా తాత పేకాటల రెండెకరాలు పోగొట్టిండు. అప్పటిసంది మా ఇంట్ల పెండ్లయినా, చావయినా పేక కనిపించద్దు. పేక ముట్టిన చెయ్యి నా మనవరాలి చెయ్యి పట్టద్దని అందరి ముందర అన్నది."

"మరి నా పని ఏందని చెప్పినవ్?"

"రిస్క్ మేనేజ్‌మెంట్ అని చెప్పిన. అబద్ధమైతే కాదు గద."

అబద్ధం కాదు. రాజ్‌కుమార్ పోకర్ ఆడి బతుకుతాడు. డిగ్రీ అయ్యాక కొన్నాళ్లు ఫోన్‌లో ఆడేవాడు. ఫోన్ ఆటలన్నీ మూతపడ్డాక నెలకోసారి గోవా వెళ్లి, అక్కడ నది మీద నిలబెట్టిన ఓడల్లో జరిగే పోటీల్లో ఆడి వస్తున్నాడు. అది అదృష్టం కాదని, లెక్కలూ ఓపికా అని, అన్నిటికంటే ముఖ్యంగా మొహమని అతను అందరికీ చెబుతాడు. ముక్కలు మంచివొచ్చినా, చెడ్డవొచ్చినా, నెత్తిన పిడుగు పడ్డా మొహంలో గీత కదలకూడదు. ఆ విద్యలో అతను ఎంత ఆరితేరాడంటే గోవాలో ఆటగాళ్లు అతణ్ని 'బండ' అని పిలుస్తారు.

ఎగుడుదిగుళ్లు ఏ పనిలోనైనా ఉంటాయి గానీ, రాజ్‌కుమార్ పనిలో అవి ఫ్రిజ్ రూపంలో వచ్చిపోతుండేవి. గెలిచిన నెలలో ఇంటికి ఫ్రిజ్ వచ్చేది. ఓడిన నెలలో వెళ్లిపోయేది. అదీ ఒకటే ఫ్రిజ్. పాత సామాన్ల దుకాణంవాడు దాన్ని ఇంకొకరికి అమ్మడం కూడా మానేసి, "కండక్టర్ బిచ్చా కొడుకు మళ్ల గెలుస్తడు, జర ఆగుదాం" అని ఒక మూలన పెట్టి ఉంచేవాడు. తల్లి కమలాబాయి ముందుచూపున్న మనిషి. ఇంట్లోకి ఏ వస్తువు వచ్చినా దాని ప్లాస్టిక్ కవర్ తీయనిచ్చేది కాదు. ఫ్రిజ్ కవర్‌లోనే ఉండేది, సోఫా కవర్‌లోనే ఉండేది, ఎండాకాలం చుట్టాలొస్తే లేచేటప్పుడు చర్రుమని చప్పుడయ్యేది. కవర్ తీస్తే సగం రేటు పోతుందని ఆమె సిద్ధాంతం.

దివ్య మిర్యాలగూడలో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. రాజ్‌కుమార్ తండ్రి బిచ్చాకు డెంగీ వచ్చి అక్కడ చేర్చినప్పుడు అతను వార్డు బయట బెంచీ మీద కొయ్యబొమ్మలా కూర్చున్నాడు. తండ్రి పరిస్థితి బాగాలేదని డాక్టర్ చెప్పినా కదల్లేదు, గండం గడిచిందని చెప్పినా కదల్లేదు. ఏం మనిషిరా వీడు అని అందరూ అనుకున్నారు. దివ్య మాత్రం దగ్గరికొచ్చి మంచినీళ్లు చేతికిచ్చి, "భయపడకండి. మీ చెవులు ఎర్రగైనయ్," అంది. గోవాలో కొమ్ములు తిరిగిన ఆటగాళ్లకు చిక్కని రహస్యం అలా ఒక నర్సుకు చిక్కింది. ఆ రోజునుంచే ఆ అమ్మాయి లేకుండా బతకలేనని అతనికి తెలిసిపోయింది.

కాబట్టి ఆ ఆదివారం అతనికి గోవాలోని ఏ పోటీకన్నా పెద్దది. కిరాయి కారు ఎక్కేటప్పుడు తల్లి ఒకటికి రెండుసార్లు జాగ్రత్తలు చెప్పింది.

"బేటా, ఆడికి పోయినంక జర నవ్వు. నీ మొహం సూసి శవం లేసినకాడ కూసున్నడనుకుంటరు."

"నవ్వుత యాడీ," అన్నాడు రాజ్‌కుమార్, నవ్వకుండా. తల్లిని తండా అలవాటు ప్రకారం యాడీ అనే పిలుస్తాడు.

బిచ్చా ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరైనవాడు. వియ్యంకుడి ఇంటికని తెల్లటి చొక్కా, తెల్లటి ప్యాంటు ఇస్త్రీ చేయించి తొడుక్కున్నాడు. "రైట్ రైట్," అని కారు తలుపు మీద చరిచాడు. ప్రయాణం మొదలైంది.

మునగాల దాటాక హైవే పక్కన ఉన్న ఫంక్షన్ హాల్లో చుట్టాలందరూ పోగయ్యారు. అక్షింతలు పడ్డాయి, భోజనాలయ్యాయి. తీరా బయలుదేరదామంటే బిచ్చా లేడు.

"మీ బాపు ఏడున్నడో సూసి తోల్కరా బేటా. ఆలస్యమైతుంది," అంది కమలాబాయి, ఆడవాళ్ల మధ్యనుంచి.

రాజ్‌కుమార్ తండ్రిని వెతుక్కుంటూ హాలు వెనక్కి వెళ్లాడు. అక్కడ జనరేటర్ పెట్టిన రేకుల షెడ్డు ఉంది. లోపల జంపఖానా పరిచి మూడు ముక్కలాట నడుస్తోంది. ఫంక్షన్ అన్నాక వెనకాల ఒక జంపఖానా ఉండడం ఆ చుట్టుపక్కల కొత్తేమీ కాదు. బిచ్చా గోడకు ఆనుకుని నిలబడి మెడ చాచి చూస్తున్నాడు.

"బాపూ, పోదాం పా."

"నేను ఆడుతలేను బేటా, ఉత్తగ సూస్తున్న. గీ ఒక్క ఆట కానీ. గా ముసలామె సూడు, ఎట్ల ఆడుతుందో!"

రాజ్‌కుమార్ చూశాడు. అక్కడే తప్పు జరిగింది. వంటవాడికి పక్కింటి పోపు వాసన తగిలినట్టు, అతని కాళ్లు అక్కడే ఆగిపోయాయి. జంపఖానా నడుమ ఒక ముసలామె కూర్చుని ఉంది. కొంగు నెత్తిన కప్పుకుంది. లావుపాటి కళ్లజోడు, దానికి ఒక కాడ విరిగితే నల్లదారంతో చెవికి కట్టుకుంది. మిగతావాళ్లంతా ముక్కలు పడేసి తప్పుకున్నారు. ఎదురుగా మెడలో లావు గొలుసున్న కాంట్రాక్టర్ ఒక్కడే మిగిలాడు. అతను చెమటలు కక్కుతున్నాడు. ఆమె మాత్రం ఆకు వక్క నములుతూ, డబ్బు మీద డబ్బు పెడుతూ, ఆవలిస్తోంది.

ఆమె పక్కన చోటుంటే రాజ్‌కుమార్ తనకు తెలియకుండానే కూర్చున్నాడు. ఆమె మొహం చదవబోయాడు. ఒక్క అక్షరం దొరకలేదు. ఊపిరి మారలేదు, వేళ్లు వణకలేదు, కళ్లు ముక్కల వైపు పోలేదు. తన చదువంతా, గోవా అనుభవమంతా కూడేసి లెక్కగట్టాడు. ఈమె దగ్గర మూడు రాజులైనా ఉండాలి, మూడు ఆసులైనా ఉండాలి. ఇంకొకటి ఉండే అవకాశమే లేదు.

అదిగో, అప్పుడే బయటినుంచి ఎవరో అరిచారు.

"పోలీసులురో!"

ఆ తర్వాత జరిగినదంతా కనురెప్ప వేసేలోపల జరిగింది. కాంట్రాక్టర్ గొలుసు పట్టుకుని కిటికీలోంచి దూకాడు. ఆయన వెనకాల ఇంకో నలుగురు దూకారు. "నేను ఆడలే, నేను ఆడలే," అంటూనే బిచ్చా గోడెక్కి అవతల వరిమడిలో పడి కళ్లద్దాలు పోగొట్టుకున్నాడు. ముసలామె మాత్రం మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని తీరిగ్గా లేచింది. చేతిలోని మూడు ముక్కలు రాజ్‌కుమార్ వైపు చాచింది.

"జర పట్టు బిడ్డా."

పెద్దవాళ్లు ఏదైనా ఇస్తే ఒంటిచేత్తో తీసుకోకూడదని కమలాబాయి చిన్నప్పుడే వీపు మీద నాలుగు వేసి మరీ నేర్పింది. రాజ్‌కుమార్ కొంచెం వంగి, రెండు చేతులా భక్తిగా పుచ్చుకున్నాడు. ముసలామె మూలన పడి ఉన్న ఎంగిలి విస్తళ్ల కట్ట చంకలో పెట్టుకుని, నడుం పట్టుకుని మూలుగుతూ గుమ్మం వైపు నడిచింది. ఎదురొచ్చిన కానిస్టేబుల్ పక్కకు జరిగి, "పైలం పెద్దమ్మా, కాలు జారుతది," అని దారి కూడా ఇచ్చాడు. జంపఖానా నడుమ ఉండాల్సిన డబ్బు ఎటుపోయిందో ఆ పూట ఎవరికీ అంతుపట్టలేదు.

షెడ్డులో రాజ్‌కుమార్ ఒక్కడే మిగిలాడు. ప్రమాదం వస్తే కదలకూడదని ఒళ్లంతా నేర్పుకున్నవాడు కదా, అలాగే కూర్చున్నాడు. ఎస్సై లోపలికొచ్చి అతణ్ని పైనుంచి కిందిదాకా చూశాడు.

"అందరు ఉరికిన్రు. నువ్వెందుకు ఉరకలే?"

"నేను ఆడలేదు సార్."

"ఆడకపోతే చేతుల ఏంది? తీర్థమా?"

రాజ్‌కుమార్ అప్పుడు మొదటిసారి కిందికి చూశాడు. ఇస్పేటు రెండు, కళావరు ఐదు, డైమన్ తొమ్మిది. ఒకదానికొకటి ఏ చుట్టరికమూ లేని, పసిపిల్లలు కూడా పారేసే ముక్కలు. వీటిని చేతిలో పెట్టుకునా ఆ మహాతల్లి ఆవలిస్తూ కూర్చుంది! వీటితోనా అందరినీ లేపి, గొలుసు కాంట్రాక్టర్‌కు చెమటలు పట్టించింది! రాజ్‌కుమార్ నోరు తెరుచుకుంది. కనుబొమలు నెత్తికెక్కాయి. ఏళ్ల తరబడి కాపాడుకున్న బండ ఒక్కసారిగా పగిలిపోయింది.

సరిగ్గా ఆ క్షణంలోనే కానిస్టేబుల్ ఫోన్‌తో ఫోటో తీశాడు.

స్టేషన్‌లో బెంచీ మీద కూర్చోబెట్టాక ఎస్సై నెమ్మదిగానే అడిగాడు. "చూడు తమ్ముడూ, చదువుకున్నోని లెక్క ఉన్నవ్. ఆ ముక్కలు ఎవరియి? పేరు చెప్పు, నిన్ను వదిలేస్త."

చెబితే పోయేది. కానీ రాజ్‌కుమార్‌కు తన పనిలో ఒక నియమం ఉంది. ఆట తేలకముందు పక్కవాడి చేతిలో ఏమున్నాయో చెప్పకూడదు. గోవాలో అలా నోరు జారినవాడిని బల్లమీంచి లేపేస్తారు. పైగా తన నానమ్మ వయసున్న మనిషిని స్టేషన్‌కు లాక్కురావడానికి అతనికి మనసొప్పలేదు.

"ఆట మధ్యల ఇంకొకరి ముక్కల గురించి చెప్పద్దు సార్. మా దాంట్ల అది నియమం."

ఎస్సై కుర్చీలో ముందుకు జరిగాడు. "మా దాంట్ల అంటే? ఏ దాంట్ల?"

రాజ్‌కుమార్ నాలుక కరుచుకున్నాడు. అప్పటికే కమలాబాయి గుండెలు బాదుకుంటూ లోపలికొచ్చేసింది.

"అయ్యో సారూ, మావోడు బంగారం! ఆడు గోవాల రిస్క్ మేనేజ్‌మెంట్ చేస్తడు సారూ!"

"గోవానా?" అన్నాడు ఎస్సై. పెన్ను తీశాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా మిర్యాలగూడనుంచి మేనమామ మంగ్త్యా ఫోన్ వచ్చింది. ఆయన బియ్యం మిల్లులో సూపర్‌వైజర్. ఫోటో అప్పటికే ఆయన గ్రూపులోకి చేరింది. మేనల్లుణ్ని కాపాడాలనే ఆవేశంలో మిల్లు యజమాని వకీలును పట్టుకుని, ఫోన్‌లో ఎస్సైతో మాట్లాడించాడు. వకీలు గొంతు స్పీకర్లోంచి స్టేషనంతా మోగింది.

"ఎస్సై గారూ, మా క్లయింట్‌ను మామూలు పేకాటగాడు అనుకుంటున్నరు. అది పొరపాటు. ఆయన వృత్తి నిపుణుడు! దేశంలో ఎక్కడెక్కడినుంచో వచ్చినోళ్లను ఓడించిన మనిషి! ఫంక్షన్ హాల్ షెడ్డుల ఆడే ఖర్మ ఆయనకేంది?"

కానిస్టేబుల్ రాజ్‌కుమార్ పక్కనుంచి కొంచెం దూరంగా జరిగి నిలబడ్డాడు. రాజ్‌కుమార్ కళ్లు మూసుకున్నాడు.

కబురు కాళ్లకు చెప్పుల్లేకుండానే పరిగెత్తింది. మునగాలలో 'పేకాటలో దొరికాడు' అన్నది, కోదాడ చేరేసరికి 'పేకాట నడిపిస్తున్నాడు' అయింది. మిర్యాలగూడలో 'గోవా ముఠా' అయింది. అక్కడినుంచి ఆత్మకూరు వైపు తండాలకు చేరేసరికి ఓడ ఒకటి పట్టుబడిందని, అది రాజ్‌కుమార్‌దేనని చెప్పుకున్నారు. అన్నిటికంటే పెద్ద దెబ్బ గోవానుంచి తగిలింది. నోరు తెరిచిన ఆ ఫోటో ఎలా వెళ్లిందో ఆటగాళ్ల గ్రూపులోకి వెళ్లింది. 'బండకు నోరుందా?' అని ఒకడు పెట్టాడు. ఇక నుంచి బల్ల దగ్గర తనను చూసి ఎవరూ భయపడరు. ఒక్క పూటలో పరువు, పిల్ల, పని మూడూ పోయాయి.

చివరికి ఎస్సై ఒక నోటీసు చేతిలో పెట్టి, పిలిచినప్పుడు రమ్మని పంపించేశాడు. బయట కారు దగ్గర బిచ్చా నిలబడి ఉన్నాడు. నడుం దాకా బురద. పైన చొక్కా మాత్రం ఇస్త్రీ మడత నలగకుండా ఉంది.

"ఇగ కోదాడ ఏం మొహం పెట్టుకుని పోతం? ఇంటికి పోదాం పాండ్రి," అంది కమలాబాయి కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

అప్పుడే దివ్య ఫోన్. "మా ఇంట్ల అందరు ఫోటో చూసిన్రు. నాన్న మండిపడుతుండు. దాదీ బయటికి పోయి ఇప్పుడే వచ్చింది, ఇంకా ఏమనలే. నువ్వు మాత్రం రా. రాకపోతే తప్పు చేసి తప్పించుకున్నట్టయితది. ఏం జరిగినా నా ముందర జరగనీ."

ఆ అమ్మాయిని ఒంటరిగా ఆ ఇంట్లో నిలబెట్టడం రాజ్‌కుమార్ వల్ల కాలేదు.

"కోదాడ పోనియ్ అన్నా," అన్నాడు డ్రైవర్‌తో.

దివ్య తండ్రి గేమ్యా కోదాడలో బడిపంతులు. చాలాకాలంగా అక్కడే ఉండడంతో మాటలో ఆంధ్ర వాసన కొట్టేది. కళ్లద్దాలు లేక తడుముకుంటూ బురద కాళ్లతో వచ్చిన వియ్యంకుణ్ని, ఏడ్చి కళ్లు వాచిన వియ్యపురాలిని, మొహంలో ఏమీ లేని అల్లుణ్ని వరసగా చూసి, కుర్చీ చూపించాడు గానీ మంచినీళ్లు ఇమ్మనలేదు. ఫోన్ తీసి రాజ్‌కుమార్ మొహం ముందు పెట్టాడు.

"ఇదేంటి బాబూ? ఇది మీరేనా?"

"నేనే మామా."

"మామా అని అప్పుడే పిలవొద్దు. అమ్మను రానివ్వండి. మా ఇంట్లో మాట ఆమెదే."

లోపలి గది తలుపు తెరుచుకుంది. సక్కుబాయి బయటికొచ్చింది. కొంగు నెత్తిన కప్పుకుంది. లావుపాటి కళ్లజోడు. ఒకవైపు కాడ లేదు, నల్లదారంతో చెవికి కట్టి ఉంది.

రాజ్‌కుమార్ చూడగానే గుర్తుపట్టాడు. మొహాన్ని మాత్రం పళ్ల బిగువున పట్టి ఉంచాడు. సక్కుబాయి అతని ఎదురుగా కుర్చీలో కూర్చుని, ఆకు వక్క నోట్లో వేసుకుని, ఆవలించింది. ఎప్పుడూ చూడని మనిషిని చూసినట్టు చూసింది.

"పిలగా, పోలీసోల్లు నిన్ను పట్టుకున్నరట?"

"అవును దాదీ."

"సేతుల ముక్కలున్నయట?"

"ఉన్నయ్ దాదీ."

"అయి నీయేనా? ఇంకెవరన్న ఇచ్చిన్రా?"

గుమ్మం దగ్గర దివ్య కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. ఒక్క మాట చాలు. 'నువ్వే ఇచ్చినవ్' అంటే తను బయటపడతాడు. కానీ ఎవరు నమ్ముతారు? నమ్మితే మాత్రం ఏమవుతుంది? కొడుకు ముందు, మనవరాలి ముందు ఆ ముసలామె తలెత్తుకోలేదు. చెప్పకపోతే దివ్య దక్కదు. రాజ్‌కుమార్‌కు ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఆట తేలకముందు ఒకరి ముక్కల గురించి చెప్పద్దు దాదీ," అన్నాడు మెల్లగా. "అది నా పనిల నియమం. నేను పేకాట ఆడే బతుకుతున్న. రిస్క్ మేనేజ్‌మెంట్ అని చెప్పింది నిజమే గానీ, మీకు అర్థం కావద్దని చెప్పింది. అది నా తప్పు, దివ్యది కాదు."

కమలాబాయి "అయిపాయె!" అని నెత్తి కొట్టుకుంది. గేమ్యా లేచి నిలబడ్డాడు. "విన్నావా అమ్మా? ఇక మాట్లాడేదేముంది? దయచేయమను."

"కూసో," అంది సక్కుబాయి కొడుకుతో. తర్వాత రాజ్‌కుమార్ వైపు తిరిగింది. "నువ్వు లోపటికి రా. నీకు సెప్పే నాలుగు మాటలు వీల్ల ముందల సెప్తే మంచిగుండదు."

లోపలి గదిలోకి వెళ్లాక ఆమె తలుపు గడియ వేసింది. రాజ్‌కుమార్ దెబ్బలకు సిద్ధపడి నిలబడ్డాడు. ఆమె మంచం కింది విస్తళ్ల కట్ట లాగి, రెండు ఎంగిలాకుల మధ్యనుంచి నోట్లు తీసి, దులిపి, దిండు కింద పెట్టుకుంది.

"మొగులు కమ్మినట్టు అట్ల నిలవడ్డవేంది? కూసో బిడ్డా."

"దాదీ, నువ్వు... నన్ను..."

"నీ ఫోటో దివ్య ఫోన్ల ఎప్పుడో సూసిన. షెడ్డుల నా పక్కకొచ్చి కూసుండంగనే గుర్తువట్టిన."

"గుర్తుపట్టి కూడా ముక్కలు నాకిచ్చినవా?"

"పిల్లనిచ్చేటప్పుడు గుణం సూడొద్దా? ఉరుకుతవో, ఏడుస్తవో, నా పేరు సెప్తవో సూద్దామనుకున్న. ఉరకలే. సెప్పలే. పోలీసోల్లకు సెప్పలే, ఈడ గూడ సెప్పలే." ఆమె కళ్లజోడు సవరించుకుంది. "మొహం మంచిగనే దాస్తున్నవ్. గని నీ చెవులు ఎర్రగైతయ్. ఇగనుంచి టోపీ వెట్టుకో."

గోవాలో ఎవరూ పట్టుకోలేనిది ఈ కుటుంబంలో అందరూ పట్టుకుంటున్నారు. రాజ్‌కుమార్ చేతులు చెవుల మీదికి పోయాయి.

"రెండు, ఐదు, తొమ్మిది పట్టుకుని అంత ఎట్ల పెట్టినవ్ దాదీ?"

"ముక్కలు సూసి ఆడెటోడు ముక్కలతోటే పోతడు. నేను ఆ గొలుసోన్ని సూసి ఆడిన. ఇంకో గడియ పోలీసోల్లు రాకుంటే ముక్కలు పారేసెటోడే."

"మరి తాత పేకాటల రెండెకరాలు పోగొట్టిండని, అందుకే నీకు పేక అంటే..."

"పోగొట్టిండు. మల్ల ఆ రెండెకరాలు ఎట్లొచ్చినయని సెప్పింది దివ్య?"

"బర్రెపాలు అమ్మి కొన్నవని చెప్పింది."

సక్కుబాయి మొదటిసారి నవ్వింది. "రెండు బర్రెలుండె బిడ్డా. పాలతోటి రెండెకరాలు ఏడికెల్లొస్తయ్? ఒక్కొక్క ఫంక్షన్ల కొంచెం కొంచెం గుంజుకొచ్చిన. ఆయన ఎవరికి పోగొట్టిండో వాల్ల తాననే గెల్సిన."

"మరి ఇంట్ల పేక కనిపించద్దని..."

"ఇంట్ల ఆడితే ఇంటి పైసలే పోతయ్ గద. గా మాత్రం తెలుస్తలేదా, ఏం చదువుకున్నవ్?"

రాజ్‌కుమార్ నోరు ఆ రోజు రెండోసారి తెరుచుకుంది. ఈసారి ఫోటో తీసేవాళ్లు లేరు.

తలుపు తెరుచుకుని ఇద్దరూ బయటికొచ్చేసరికి అందరూ నిలబడి ఉన్నారు. సక్కుబాయి మొహంలో ఏమీ లేదు. రాజ్‌కుమార్ మొహంలోనూ ఏమీ లేదు. దివ్య మాత్రం అతని చెవుల వైపు చూసింది. అవి మామూలు రంగులో ఉన్నాయి. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పిల్లనిస్తున్నం," అంది సక్కుబాయి.

"అమ్మా!" అన్నాడు గేమ్యా. "పేకాట ఆడేవాడికా?"

"ఆడుతున్నని మొహం మీద సెప్పిండు గద. దాసుకుంట ఆడెటోల్లు సెడ్డోల్లు. గసుంటోల్లంటే నాకు పడది," అంది సక్కుబాయి, ఒక్క గీత కదలకుండా.

గేమ్యా తల్లి న్యాయబుద్ధికి చేతులు జోడించాడు. బిచ్చా సంతోషం పట్టలేక "రైట్ రైట్" అన్నాడు. కమలాబాయి దివ్యను కావలించుకుని, ఈసారి ఆనందంతో ఏడ్చింది. రాజ్‌కుమార్ వంగి సక్కుబాయి కాళ్లు మొక్కాడు. ఆమె తాంబూలం చాచినప్పుడు మాత్రం, అందుకునే ముందు ఒకసారి గుమ్మం వైపు చూశాడు.

ఆ సంబరంలో కమలాబాయి సూర్యాపేట చేరగానే చేసిన మొదటి పని ఫ్రిజ్ కవర్ చించేయడం. సోఫా కవర్ కూడా చించేసి, వీధిలో అందరినీ పిలిచి కూర్చోబెట్టి, ఫ్రిజ్‌లో నీళ్లు ఇచ్చింది. ఇక తమ ఇంటికి స్థిరత్వం వచ్చిందని, కొడుక్కి పెద్దదిక్కు దొరికిందని చెప్పుకుంది. రాజ్‌కుమార్ కూడా ఉన్ని టోపీ ఒకటి కొని, గోవా వెళ్లే ముందు ఆశీర్వాదం కోసమని కోదాడ వెళ్లి రావడం మొదలుపెట్టాడు. ఆశీర్వాదానికి ఒక పూటంతా పట్టేది. గది తలుపు గడియ వేసి ఉండేది.

లగ్నం పెట్టుకోవడానికి సక్కుబాయి సూర్యాపేట వచ్చింది. కమలాబాయి ఎదురెళ్లి కాళ్లకు నీళ్లిచ్చి, మెరిసిపోతున్న సోఫాలో కూర్చోబెట్టింది. సక్కుబాయి ఇల్లంతా కలియజూసి, ఫ్రిజ్ దగ్గర ఆగి, కళ్లజోడు దారం బిగించుకుని కమలాబాయి వైపు తిరిగింది.

"కవర్ ఎందుకు తీసినవ్ కమలా? దుకాణపోడు రేటు తగ్గిస్తడు."